పచ్చగా ఉండరా

గుర్రం కొంటానని ఎవరైనా ఆ లాయానికి వస్తే, పెద్దాయన ముందు కుర్చీ వేసేవాడు, మంచినీళ్ళు ఇచ్చేవాడు, ఆ తర్వాత తీరిగ్గా భయపెట్టేవాడు.

"కొనడానికేముందండీ, ఒక్కపూట పని. మర్నాటి నుంచి మొదలవుతుంది మీ సరదా. రోజుకి పది కిలోల ఎండుగడ్డి. దాణా వేరు, ఉప్పుగడ్డ వేరు. కింద పరిచే గడ్డి తడిస్తే మార్చాలి, అది రోజూ తడుస్తుంది. ఆరు వారాలకోసారి గిట్టలు చెక్కించి లాడాలు కొట్టించాలి. ఏడాదికోసారి పళ్ళు అరగదీయించాలి. నవ్వకండి. దాని పళ్ళు పెరుగుతూనే ఉంటాయి, అంచులు మొనదేలితే బుగ్గలు కోసుకుపోయి తిండి మానేస్తుంది. మీకు జ్వరమొచ్చినా అది తింటుంది. మీరు ఊరెళ్ళినా తింటుంది. ఏడాదంతా దాని వీపెక్కకపోయినా సరే, తింటుంది."

వచ్చినవాళ్ళలో సగం మంది గ్లాసు ఖాళీ చేసి, ఇంట్లో ఒకసారి అడిగి వస్తామని లేచిపోయేవారు. అలా అడగడానికి వెళ్ళినవాళ్ళు తిరిగొచ్చిన దాఖలాలు లేవు. చుట్టుపక్కల వాళ్ళు ఆయనకి ఖర్చులాయన అని పేరు పెట్టేశారు.

"నువ్విలా అందర్నీ తరిమేస్తే మనమేం తినాలి నాన్నా? దాణా తినాలా?" అనేది కూతురు.

"ఖర్చు వినగానే పారిపోయేవాడి దగ్గర గుర్రం బతకదే తల్లీ. ఆ పారిపోయేదేదో ముందే పారిపోనీ" అనేవాడు.

కూతురంటే ఆయనకి గర్వం. భార్య పోయిన ఆరేళ్ళలో ఆ లాయంలో సగం బరువు ఆ పిల్లే ఎత్తుకుంది. పొద్దున్నే పేడ ఎత్తడం, సాయంత్రం డబ్బున్నవాళ్ళ పిల్లలకి సవారీ నేర్పడం. ఆ నేర్పిన డబ్బులు కూడబెట్టి మంచి జాతి మగగుర్రాన్ని చూసి, దాటించడానికి అడిగినంతా చెల్లించి, మిరియానికి కడుపు చేయించింది. మిరియం అంటే వాళ్ళ ముసలి ఆడగుర్రం. తెల్లటి ఒంటిమీద నల్లటి చుక్కలు, ఎవరో మిరియాల పొడి చల్లినట్టు ఉండేది. దానికి పదహారేళ్ళు. ఇంకొక్క ఈత, మహా అయితే రెండు.

"ఈసారి పుట్టేది నీది. అమ్మేది లేదు. నీ లాయం దాంతోనే మొదలు" అన్నాడు పెద్దాయన. మాట ఇచ్చాడంటే ఇచ్చినట్టే.

పుట్టిన ప్రతి పిల్లకీ ఆయన రెండు పనులు చేసేవాడు. మొదటిది, తడి ఆరకముందే నుదుటిమీద చెయ్యి వేసి "పచ్చగా ఉండరా" అనడం. ఆడపిల్లయితే "పచ్చగా ఉండమ్మా." నెల నిండేదాకా పేరు పెట్టేవాడు కాదు, అప్పటిదాకా దానికున్న ఆస్తి ఆ ఒక్క మాటే. రెండోది, గోడ గడియారం వైపు చూడడం. గంటలో లేచి నిలబడాలి. రెండు గంటల్లో తల్లి పాలు తాగాలి. మూడు గంటల్లో తల్లికి మాయ పడిపోవాలి. ఒకటి, రెండు, మూడు. నలభై ఏళ్ళుగా ఈ మూడు అంకెలతోనే పిల్లల్ని బతికించుకున్నాడు. ముఖ్యంగా రెండోది. పుట్టినప్పుడు గుర్రప్పిల్ల ఒంట్లో రోగాన్ని ఆపే శక్తి ఏమీ ఉండదు, ఆ మొదటి చిక్కటి ముర్రుపాలతోనే రావాలి. లేవలేని పిల్లల్ని ఛాతీకి ఆనించుకుని, ఒక చేత్తో గడ్డం పట్టి, చన్నుకి అందించి తాగించిన మనిషి ఆయన.

అలాంటి మనిషితో పశువుల డాక్టరమ్మ, పాలు తాగనివ్వద్దు అంది.

రెండేళ్ళ కిందట మిరియానికి ఒక పిల్ల పుట్టి మూడో రోజున చచ్చిపోయింది. కిటికీ అద్దం పగిలి ఉంది, చలిగాలి కొట్టిందనుకున్నాడు పెద్దాయన. తనని తాను తిట్టుకుని కొత్త అద్దం వేయించాడు. కొత్తగా వచ్చిన డాక్టరమ్మ ఈ కథంతా విని, ఆ పిల్ల కళ్ళు ఏ రంగులో ఉన్నాయని అడిగింది. ఆయనకి గుర్తులేదు. కూతురికి గుర్తుంది.

"పచ్చగా ఉన్నాయండీ. పసుపు రాసినట్టు."

"అయితే గాలి కాదు బాబాయ్ గారూ" అంది డాక్టరమ్మ. "కొన్ని గుర్రాలకి తల్లి రక్తం, తండ్రి రక్తం పడవు. పిల్లకి తండ్రి రక్తం వచ్చిందనుకోండి, తల్లి ఒంట్లో దానికి విరుగుడు తయారవుతుంది. కడుపులో ఉన్నంతకాలం ఏం కాదు. ఆ విరుగుడు ముర్రుపాలలోకి దిగుతుంది. పిల్ల ఎంత ఇష్టంగా తాగితే అంత వేగంగా దాని రక్తం విరిగిపోతుంది. ఒకటిన్నర రోజు తాగనివ్వకపోతే చాలు, ఆ తర్వాత పేగు దాన్ని లోపలికి రానివ్వదు. మిరియం రక్తం పరీక్షకి పంపుదాం. ఈలోగా ఇంకో గుర్రం ముర్రుపాలు తెచ్చి ఉంచుకోండి. పుట్టగానే పిల్ల మూతికి చిక్కం కట్టండి. అంతే, ఇంతకంటే తేలిగ్గా తప్పించుకునే జబ్బు ఇంకోటి లేదు."

"తల్లి పాలు విషమేమిటమ్మా" అన్నాడు పెద్దాయన. పరీక్షకి ఎంతవుతుందో విన్నాక మరీ గట్టిగా అన్నాడు. కూతురు ఆయన వైపు ఒక చూపు చూసి డబ్బు తనే కట్టేసింది.

గొణుగుతూనే అయినా చిక్కం అల్లింది ఆయనే. మెత్తటి నూలు తాడుతో, పసిదాని మూతికి ఒరుసుకోకుండా, ఊపిరి ఆడేలా చిన్న బుట్ట అల్లి, చెవుల వెనక ముడి వేయడానికి రెండు తోకలు వదిలాడు. బజారులో అలాంటిది దొరకదు. కూతురు దాన్ని మిరియం గది తలుపు పక్కన మేకుకి తగిలించింది.

ఈనడానికి ఇంకా పది రోజుల టైముందని డాక్టరమ్మ లెక్క. మూడు గంటల ప్రయాణం దూరంలో ఉన్న పెద్ద లాయంలో ముర్రుపాలు గడ్డకట్టించి దాచిపెడతారని తెలిసి, ఒకరోజు తెల్లవారకముందే కూతురు ఐసుపెట్టె వేసుకుని బయల్దేరింది. వెళ్తూ వెళ్తూ చిక్కం వైపు చెయ్యి చూపించింది.

"నాన్నా, ఒకవేళ..."

"తెలుసు లేవే. ఇదే నాకు మొదటి ఈత అన్నట్టు చెప్తావు."

మిరియానికి డాక్టర్ల లెక్కలతో పనిలేదు. తొమ్మిది గంటలకి పక్కకి పడుకుంది, అరగంటలో ఈనేసింది. మగపిల్ల. నల్లటి ఒళ్ళు, నుదుటిమీద చిటికెన వేలంత తెల్ల మచ్చ. కాళ్ళు ఎంత పొడుగంటే, వాటిని ఎక్కడ పెట్టుకోవాలో దానికే తెలియలేదు. పెద్దాయన ముక్కు తుడిచి, బొడ్డుకి మందు అద్ది, నుదుటిమీద చెయ్యి వేశాడు.

"పచ్చగా ఉండరా."

తర్వాత మేకు మీద నుంచి చిక్కం తీసి కట్టాడు. మాట తప్పలేదు. కూతురికి ఫోన్ చేశాడు. ఆ పిల్ల అవతల సంతోషంతో గట్టిగా అరిచింది. పాలు ఇంకా చేతికి రాలేదని, రాగానే బయల్దేరతానని, చిక్కం మాత్రం విప్పవద్దని మూడుసార్లు చెప్పింది.

నలభై నిమిషాలకి పిల్ల నిలబడింది. ఒకటో అంకె దాటింది. తల్లి దగ్గరకి నడిచింది. చిక్కంతోనే పొట్ట కింద తల దూర్చింది. తాడు బుట్ట తల్లి తొడకి తగిలింది, పొదుగుకి తగిలింది, మళ్ళీ తొడకి తగిలింది. మిరియం పొదుగు నిండి పాలు వెనక కాళ్ళమీదుగా కారుతున్నాయి. పిల్లకి వాసన తెలుస్తోంది, నోటికి అందడం లేదు. సన్నగా సకిలించింది. తల్లి మెడ తిప్పి పిల్లని చూసి, పెద్దాయనని చూసింది.

"నన్నెందుకే అలా చూస్తావు? మీ చిన్న దొరసానిని అడుగు" అన్నాడు.

పదకొండున్నర. రెండో అంకె. ఆయన గడియారం కేసి చూడకూడదనుకున్నాడు, చూశాడు. ఫోన్ చేస్తే కూతురు ఎత్తలేదు, దారిలో ఉండి ఉంటుంది. పన్నెండు. పిల్ల నిలబడలేక గడ్డిలో కూలబడింది, మళ్ళీ లేచింది, మళ్ళీ పొట్ట కింద దూరింది. ఈసారి సకిలింపు కూడా సరిగా రాలేదు. పరీక్ష ఫలితం రేపు గాని రాదు. అసలు ఈ జబ్బు ఉందో లేదో తెలియదు. ఉందేమో అన్న అనుమానంతో, నా కళ్ళముందు, నా చేత్తో కట్టిన బుట్టతో, ఈ పసిదాన్ని కడుపు మాడ్చి చంపుతున్నానా? నలభై ఏళ్ళలో రెండు గంటలు దాటనిచ్చిన పిల్లలు మూడే మూడు. ఆ మూడూ బతకలేదు.

ఆయన మనసు చెడ్డది కాదు. ఆ పూట ఆ లాయంలో చెడ్డవాళ్ళెవరూ లేరు. మోకాళ్ళమీద కూర్చుని చెవుల వెనక ముడి విప్పాడు. నాలుగు గుక్కలు తాగనిచ్చి కట్టేద్దామనుకున్నాడు.

పిల్ల చన్ను అందుకోగానే దాని చిన్న తోక టపటపా ఊగింది. మిరియం కళ్ళు మూసుకుంది. గుటకల శబ్దం వింటూ పెద్దాయన గోడకి చేరగిలబడి, కళ్ళు తుడుచుకుంటూ పది నిమిషాలు ఉండిపోయాడు. ఆ పది నిమిషాలంత సుఖం ఆయనకి భార్య పోయాక దొరకలేదు.

తర్వాత చిక్కం మళ్ళీ కట్టేశాడు.

మధ్యాహ్నం రెండు గంటలకి కూతురు పరుగెత్తుకుంటూ వచ్చింది. పాలు గోరువెచ్చగా చేసి సీసాతో నోటికి అందిస్తే పిల్ల కాస్త తాగి మొహం తిప్పేసుకుంది.

"ఇంతసేపు పస్తుండి ఆకలి లేదేమిటి నాన్నా?"

"అలిసిపోయింది" అన్నాడు పెద్దాయన. అబద్ధం నోట్లోంచి అంత తేలిగ్గా వస్తుందని ఆయనకి అంతవరకు తెలియదు.

మర్నాడు ఉదయం ఫోన్ వచ్చింది. డాక్టరమ్మ అనుమానమే నిజం, మిరియం పాలు ఆ పిల్లకి విషమే. కూతురు ఫోన్ పెట్టేసి వచ్చి, పేడగంప మోస్తున్న తండ్రిని అలాగే కావిలించుకుంది.

"నువ్వు కాబట్టి ఆగావు నాన్నా. అంతసేపు దాని ఏడుపు వింటూ ఇంకెవరైనా ఆగగలిగేవారా?"

అప్పుడు చెప్పాలి. గంప దించి, ఒక్క మాట చెప్పాలి. కానీ లోపల పిల్ల గెంతులేస్తోంది. దానికేం కాలేదు కదా, పది నిమిషాలకి ఏమవుతుంది, ఇప్పుడు చెప్పి కూతురి గుండె ఆపడం దేనికి అనుకున్నాడు. ఆమె తనని అలా పొగిడి ఎన్నేళ్ళయిందో! ఆ పొగడ్తని అప్పుడే తిరిగి ఇచ్చేయడానికి ఆయనకి చేతులు రాలేదు. గంపతో సహా అలాగే నిలబడ్డాడు.

ఆ సాయంత్రానికి పిల్ల గెంతులు మానేసింది. పడుకుని, ఊరికే ఆవలిస్తోంది. లేపితే రొప్పుతోంది. డాక్టరమ్మ వచ్చి పెదవి ఎత్తి చూసింది. చిగుళ్ళు పాలిపోయి ఉన్నాయి, అంతకుమించి ఏమీ తెలియడం లేదు.

"తల్లి పాలు తాగలేదు కదా?"

"ఒక్క చుక్క కూడా లేదండీ" అంది కూతురు. తండ్రి భుజంమీద చెయ్యి వేసి మరీ అంది. "మా నాన్న దగ్గరే ఉన్నాడు."

డాక్టరమ్మ పెద్దాయన మొహంలోకి చూసింది. ఆయన తల నిలువుగా ఊపలేదు, అడ్డంగా ఊపలేదు. ఆవిడ దాన్ని అవుననే అనుకుంది. అయితే బొడ్డులోంచి ఏదో సోకి ఉంటుందని ఇంజెక్షన్లు ఇచ్చి, పొద్దున్నే వస్తానని వెళ్ళింది. మందు పడింది కదా, అదే తగ్గుతుందని ఆయన తనకి తాను చెప్పుకున్నాడు.

తెల్లవారింది. కూతురు పిల్ల తల ఒళ్ళో పెట్టుకుని కొత్త అద్దం వేయించిన కిటికీ దగ్గర కూర్చుంది. వెలుతురు పడేలా దాని కనురెప్ప పైకెత్తింది.

"నాన్నా" అంది. "పచ్చగా ఉంది."

ఆ మాట ఆయన ఎన్ని పిల్లలకి ఇచ్చాడో లెక్కలేదు. అదే మాట, అన్నేళ్ళు తను నమ్మకంగా పంచిన మాట, కూతురి నోట్లోంచి తిరిగొచ్చింది.

డాక్టరమ్మ గుమ్మంలోకి వస్తూనే పెద్దాయన అన్నాడు. "తాగిందమ్మా."

"ఏమిటి?"

"తల్లి పాలు. పుట్టిన పూటే. పది నిమిషాలు."

కూతురికి అర్థం కాలేదు. "చిక్కం కట్టే ఉంది కదా నాన్నా. నేనొచ్చేసరికి కట్టే ఉంది."

"విప్పాను. తాగించి, మళ్ళీ కట్టాను."

డాక్టరమ్మకి ఆయన్ని తిట్టడానికి టైము లేదు. "నిన్న సాయంత్రం తెలిసుంటే రాత్రికి రాత్రే రక్తం ఎక్కించేదాన్ని" అని మాత్రం అంటూ సంచి విప్పింది. బండి లాగే ముసలి గుర్రం ఒకటి ఉంది, దాని రక్తం సరిపోవచ్చంది. పెద్దాయనే దాన్ని తెచ్చి నిలబెట్టాడు, సూది గుచ్చుతుంటే మెడ నిమిరాడు. సీసా నింపారు. కూతురు పిల్ల తలని ఒళ్ళోంచి దించలేదు. తండ్రి వైపు చూడలేదు కూడా. రక్తం చుక్క చుక్క దిగుతుంటే ఆ చుక్కలనే చూస్తూ కూర్చుంది.

సగం సీసా మిగిలి ఉండగానే పిల్ల ఊపిరి ఆగిపోయింది. దానికి ఇంకా మూడు రోజులు నిండలేదు.

మిరియం రెండు రోజులు పిలిచింది. ఇక పిలవడం మానేసింది. దాని పొదుగు గడ్డకట్టకుండా కూతురే పూటకోసారి పాలు పిండి, బయట మట్టిలో పారబోసేది. పెద్దాయన ఒక మూల నిలబడి చూసేవాడు. తిట్టు, నాలుగు దులుపు, ఏడువు, ఏదో ఒకటి చెయ్యవే అని ఆయన ప్రాణం కొట్టుకుపోయేది. ఆ పిల్ల తిట్టలేదు. అన్నం పెట్టేది, మందులు ఇచ్చేది, రేపు లాడాలు కొట్టేవాడు వస్తాడని చెప్పేది. పదో రోజున, చేతులు కడుక్కుంటూ, నీళ్ళవైపే చూస్తూ అడిగింది.

"విప్పినందుకు నాకేం కోపం లేదు నాన్నా. నేనున్నా విప్పేదాన్నేమో. మళ్ళీ ఎందుకు కట్టావు?"

ఆయన తువ్వాలు తీసి ఆమెకి అందించాడు.

ఆ తర్వాత గుర్రం కొనడానికి ఎవరు వచ్చినా పెద్దాయన ఖర్చులు చెప్పడం మానేశాడు. "అమ్మాయిని అడగండి" అని లోపలికి పోయేవాడు. ఖర్చులాయనకి ఏమైందని జనం అనుకున్నారు. అనుకుని ఊరుకున్నారు. కూతురు మళ్ళీ డబ్బు కూడబెట్టింది, మళ్ళీ మిరియానికి కడుపు చేయించింది. తండ్రి ఆపలేదు, సలహా చెప్పలేదు. పదకొండు నెలలు గడ్డి వేశాడు, నీళ్ళు పెట్టాడు, కింద పరిచే గడ్డి మార్చాడు. ఈసారి వేరే గుర్రం ముర్రుపాలు నెల ముందే తెచ్చి పెట్టుకున్నారు.

ఒక ఉదయం, ఎండ లాయం గుమ్మందాకా వచ్చిన వేళ, మిరియం పక్కకి పడుకుంది. పెద్దాయన చేతులు కడుక్కుని, చొక్కా చేతులు మడిచి, బొడ్డుకి అద్దే మందు గిన్నె పట్టుకుని గుమ్మంలోకి వచ్చాడు. కూతురు లేచి ఎదురొచ్చింది. ఆయన చేతిలోంచి గిన్నె మెల్లగా తీసుకుంది.

"నాన్నా, నువ్వు కాసేపు బయట ఉంటావా?"

కసిరినట్టు అనలేదు. ఎంతో మర్యాదగా, వీధిలో ఎదురైన పెద్దమనిషిని దారిమ్మని అడిగినట్టు అడిగింది. నలభై ఏళ్ళలో ఆ లాయంలో ఆయన లేకుండా ఏ పిల్లా నేలమీద పడలేదు.

"అలాగేనమ్మా" అని వెనక్కి తిరిగాడు.

తలుపు మూసుకుంది. ఆయన గోడ పక్కన తిరగేసిన బొక్కెన మీద కూర్చున్నాడు. లోపల మిరియం మూలుగు, గడ్డి చప్పుడు, కూతురి గొంతు. తర్వాత కిటికీలోంచి కూతురు పిలిచింది.

"ఆడపిల్ల నాన్నా!"

పెద్దాయన గబుక్కున లేచాడు. ఎదురుగా ఏ నుదురూ లేకపోయినా ఆయన చెయ్యి దానంతటదే ముందుకు సాగింది. మాట నాలుక చివరిదాకా వచ్చింది. పళ్ళు బిగబట్టి దాన్ని మింగేశాడు. చెయ్యి వెనక్కి తీసుకుని జేబులో పెట్టుకున్నాడు.

"కట్టావా?" అని అడిగాడు.

"కట్టాను."